గవర్రాజు గారు మరిగించిన పెరుగు

నేను ఒక బాక్టీరియాను. అమ్మో అంటూ చేతులు కడుక్కోవడానికి పరుగెత్తకండి, పెరుగులో ఉండే రకాన్ని. ఒంటికంతా కలిపి ఒకటే కణం, చిన్న పుల్లలా ఉంటాను. కళ్లు లేవు, కాళ్లు లేవు, పెళ్లి బెంగ అసలే లేదు. గోరువెచ్చని పాలలో పడితే అందులోని చక్కెర తిని పులుపు వదులుతాను. కాసేపటికి నడుము దగ్గర తెగి ఇద్దరినవుతాను. అసలు ఎవరు, కొసరు ఎవరు అని అడగకండి, ఇద్దరూ నేనే. తెల్లారేసరికి కోట్లమందిని, పాలు గడ్డపెరుగు!

సామర్లకోటలో మాణిక్యాంబ గారి భోజన హోటలుకు, ఆవిడ తల్లి పోయేముందు ఇచ్చిన గిన్నెడు పెరుగులో వచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఏ రోజుకారోజు కాస్త పెరుగు దాచి, మర్నాటి పాలకు తోడు వేస్తోందావిడ. తల్లి చేతి వంటలో ఆవిడకు మిగిలింది ఈ రుచి ఒక్కటే.

భర్త గవర్రాజు గారు మంచివారే. కాకపోతే టీవీలో ఆరోగ్య కార్యక్రమాలు చూస్తారు. ఒక శుక్రవారం సాయంత్రం, మరిగిస్తే బాక్టీరియా చస్తుందని అందులో విన్నారు. ఇంకేముంది, భార్య గుడికి వెళ్లగానే తోడుకు దాచిన పెరుగును స్టవ్ మీద కుతకుతలాడించారు. చివరికి విరిగిన ముద్ద, పచ్చటి నీళ్లు మిగిలాయి. అలా నేను కోట్లసార్లు చచ్చాను.

మరి ఈ కథ చెబుతున్నదెవరంటారా? పక్కింటి వరహాలమ్మ గిన్నెలో ఉన్న నేను. కాలవ నీళ్ల దగ్గర గొడవపడి మాటలు మానేయకముందు ఆవిడ మా తోడే పట్టుకెళ్లింది. గోడ ఇవతలికి కేకలు వినిపించాయి.

"రోగాలు రాకూడదని శుద్ధి చేశానే!"

"మీ శుద్ధి మండిపోనూ! మా అమ్మని రెండోసారి చంపేశారు కదండీ!"

రెండేళ్ల పంతం పక్కనపెట్టి మాణిక్యాంబ ఈ గడప ముందు నిలబడింది. నా ప్రాణాలు అప్పటికే కొళాయి కింద ఉన్నాయి. మర్నాడు ఊరెళ్తున్నామని వరహాలమ్మ గిన్నె కడగబోతోంది!

"వదినా, చెంచాడు తోడు ఇయ్యవా?"

వరహాలమ్మ కొళాయి కట్టేసింది. "దీపాలెట్టేశాం, పైగా శుక్రవారం. పెరుగు గడప దాటించకూడదమ్మా."

మాణిక్యాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. మనుషుల లక్ష్మీదేవికి నేనేం అపకారం చేశానో నాకు తెలియలేదు.

వరహాలమ్మ గిన్నెను గట్టు మీద పెట్టింది. "పెరుగు బయటికెళ్లకూడదు గానీ, పాలు లోపలికి రాకూడదని ఎవరన్నారు? పట్రా, ఇక్కడే తోడేస్తాను. పొద్దున్నే పట్టుకెళ్దువు గాని."

పాలు వచ్చాయి. నేను తెల్లారేదాకా ఒళ్లు వంచి పనిచేశాను.

పొద్దున్నే మాణిక్యాంబ వేలితో రుచి చూసి భోరున ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ మధ్యాహ్నం గవర్రాజు గారు పెరుగు మూడుసార్లు వేయించుకుని, "చూశావా, ఇప్పుడు ఒక్క క్రిమి లేదు!" అన్నారు.

ఆవిడ పదకొండు చిన్న గిన్నెల్లో పెరుగు సర్దుకుని వీధిలో ఇంటింటికీ బయలుదేరింది.

"ఏంటి మాణిక్యాంబా, ఇవాళేం విశేషం?" అని అడిగారందరూ.

"ఏం లేదమ్మా, రోజూ తోడేసుకుంటూ ఉండండి. మా ఆయన ఇంకా టీవీ చూస్తూనే ఉన్నారు."