గిన్నెలో వరిమొక్క

దాయ్ గ్వాంగ్‌యూకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, పన్నెండు మూ, అంటే రెండెకరాల వరిపొలం భార్య సూచిన్ నెత్తిన పడింది. అతనికి కుడి చెయ్యీ, కుడి కాలూ పోయాయి గానీ నోరూ కళ్ళూ లక్షణంగా ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. అతను నలభై ఏళ్ళు ఆకు రంగు చూసి ఎరువు వేసినవాడు. ఆకు ముదురుపచ్చ దాటి నల్లబడితే చెయ్యి ఆపేవాడు, పాలిపోతే చల్లేవాడు. ఊళ్ళో సగంమంది అతన్ని అడిగే చల్లేవాళ్ళు. అందుకని సూచిన్ రోజూ సాయంత్రం ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి, నీళ్ళగిన్నెలో నిలబెట్టి మంచం పక్కన పెట్టాలి.

ఇప్పటి పొలం అప్పటిది కాదు. గోధుమ కోతవగానే గడ్డికి నిప్పు పెట్టే రోజులు పోయాయి. కాస్త పొగ లేస్తే చాలు, అధికార్లు వచ్చి మీద పడతారు. యంత్రం ముక్కలు చేసి వదిలిన గడ్డిని దమ్ములో కలిపేసి, దానిమీదే వరి నాటాలి. వ్యవసాయ కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి ముందే చెప్పింది. కుళ్ళేటప్పుడు మొదటి నెల యూరియా అంతా గడ్డే తినేస్తుందట, మొక్క పాలిపోతుందట. దమ్ములోనే ఎక్కువ వేసి ఆపైన చెయ్యి బిగబడితే, తిన్నదంతా జూలై చివర్లో గడ్డే తిరిగిస్తుందట. సూచిన్ దమ్ములో అలాగే వేసింది. అయినా నాటిన పన్నెండో రోజుకి చేను పాలిపోయింది.

గ్వాంగ్‌యూ గిన్నెవైపు చూసి మొహం ముడుచుకున్నాడు.

"పస్తుపెట్టి చంపుతున్నావే పొలాన్ని."

"గడ్డి తింటోందయ్యా. కొన్నాళ్ళు ఓపిక పట్టమంది ఆ పిల్ల."

"గడ్డికి నోరుందా? ఆ పిల్ల పుట్టకముందు నుంచీ చూస్తున్నాను నేను."

అతను రెండు పూటలు గంజి ముట్టలేదు. ఆ మనిషికి మిగిలినవి కళ్ళే, వాటినీ కాదంటే ఇంకేం మిగులుతుంది? సూచిన్ మూడు బస్తాల యూరియా చల్లింది. వారం తర్వాత కూడా గిన్నెలో పసుపే. ఇంకో మూడు చల్లింది, చల్లుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే.

గడ్డి మాత్రం మాట తప్పలేదు. జూలై చివరికి చేను నల్లగా, గుబురుగా ఎగబాకింది. గ్వాంగ్‌యూ గిన్నెలో మొక్కను ఎడంచేత్తో నిమిరి, ఎన్నాళ్ళకో నవ్వాడు. చూశావా అన్నాడు. ఆమె చూసింది. గడ్డి తిరిగిచ్చిందీ తను చల్లిందీ కలిసి ఎరువు ఎక్కువైంది, ఇంత ఏపుగా లేచిన కాండం గాలికి నిలవదు. చల్లిన యూరియాను ఏ చేత్తో వెనక్కి తీస్తుంది? నీళ్ళు వదిలి పొలం ఆరబెడదామని గట్టు తెంపింది. వాన వదల్లేదు. పక్క పొలం హాన్ దేఫాది లేతరంగులో సన్నగా నిలబడి ఉంది. అతను తెలివైనవాడేం కాదు, ఆ పిల్ల చెప్పింది విని చేతులు కట్టుకు కూర్చున్నాడు, అంతే.

సెప్టెంబరులో, గింజ పాలు పోసుకుంటుండగా, ఒక మధ్యాహ్నం గాలివాన కొట్టింది. సూచిన్ వెళ్ళేసరికి పన్నెండు మూ పొలమూ చాప పరిచినట్టు పడుకుంది. బురదలో దిగి కొన్ని దుబ్బులు లేపి కట్టింది. కాండాలు మెత్తగా ఉన్నాయి, కట్టినవి కట్టినట్టే ఒరిగిపోయాయి. ఏడాది తిండి అది. గట్టుమీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రానికి గిన్నె గుర్తొచ్చింది. పడిపోయిన మొక్కను అతనికి చూపించలేక, ఇంకా నిలబడే ఉన్న పక్క చేలోంచి ఒక మొక్క ఇమ్మని దేఫాని అడిగింది. ఎందుకని అతను అడగలేదు, తలూపి అటు తిరిగాడు.

గ్వాంగ్‌యూ ఆ మొక్కను చాలాసేపు చూశాడు.

"ఇది మనది కాదు. మనది నలుపు."

అతని చూపు ఆమె మోకాళ్ళ దాకా అంటుకున్న బురద మీదికి దిగింది.

"ఎంత పడింది?"

"అంతా."

అతను ఎడంచేత్తో గిన్నెను నెమ్మదిగా మంచం అంచు దాకా జరిపాడు.

"రేపట్నుంచి తేవద్దులే," అన్నాడు.

ఆ మాట వినకూడదనే ఆమె ఆరు బస్తాలూ చల్లింది.