వెనక్కి పంపిన లారీ

తారైవిని సువా నగరంలోని యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగు మూడో ఏడు చదువుతోంది. వారంలో రెండు రోజులు క్లాసులు, మిగతా రోజులు ఒక నిర్మాణ కంపెనీలో అప్రెంటిస్‌గా పని. ఆ ఏడు ఆమెను నౌసోరి ఊరు దాటాక కొండల్లోకి పోయే రోడ్డులో, ఏటి మీద కడుతున్న చిన్న వంతెన దగ్గర వేశారు. అక్కడి ఇంజినీరు హిర్దేశ్ నారాయణ్. వచ్చిన కాంక్రీటును పరీక్షించి, పోయాలో వద్దో తేల్చే బాధ్యత ఆయన ఆమెకు అప్పగించి నెలైనా కాలేదు.

ఆ మంగళవారం మొదటి స్తంభానికి పునాది పోయాలి. గుంటలో ఊచలు కట్టి ఉంచారు. పొద్దున్నే రావలసిన మిక్సర్ లారీ మధ్యాహ్నానికి గాని రాలేదు. అందులోంచి దిగిన డ్రైవరు అపెనిసా, తారైవినికి స్వయానా మేనమామ. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆయన మోమో, అంటే వాళ్ల భాషలో మావయ్య.

“కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందమ్మా. అది తీసేదాకా ఇరుక్కుపోయాను,” అన్నాడు.

తారైవిని ఇనుప కోన్ నిండా కాంక్రీటు కూరి, మెల్లగా పైకెత్తింది. కాస్త కుంగి నిలబడాల్సిన ముద్ద గంజిలా పరుచుకుపోయింది. నీళ్లెక్కువైన కాంక్రీటు గట్టిపడినా దానికి బలం ఉండదు.

“నీళ్లు కలిపారా మోమో?”

“గట్టిపడుతుంటే ఏం చెయ్యమంటావు? బకెట్లతో పోశాను. డ్రమ్ములోనే బిగిసిపోతే కొత్త డ్రమ్ము నువ్వు కొనిపెడతావా?”

కూలీలు నవ్వారు. మేస్త్రీ మోసెసే ఆకాశం వైపు చూశాడు. “వాన దిగేలా ఉంది తల్లీ. గుంట నిండిందంటే రేపంతా నీళ్లు తోడుకోవడమే. సరే అనెయ్. మీ మావయ్య లారీయే కదా, పరాయిదా?”

హిర్దేశ్ ఇంకో పని మీద వెళ్లాడు. ఫోను కలవలేదు. తారైవిని కోన్ పక్కన పెట్టి లేచింది. మోమో ముందు గొంతెత్తడం వాళ్లింట్లో ఎవరూ ఎరగరు. మెల్లగా అంటే తనను ఒప్పించేస్తారనిపించింది. ఆ భయానికే గొంతు పెళుసుగా లేచింది.

“ఇది కాంక్రీటు కాదు, కుడితి! ఇన్నేళ్లు లారీ తోలి ఇదా మీరు నేర్చుకుంది? తీసుకుపొండి!”

నవ్వులు ఆగిపోయాయి. అపెనిసా లారీ ఎక్కి వెళ్లిపోయాడు. కాసేపటికి వాన దంచికొట్టింది. గుంట నిండింది. కూలీలు ఆమెను ఓరగా చూస్తూ షెడ్డు కిందికి చేరారు.

సాయంత్రం హిర్దేశ్ వచ్చి అంతా విన్నాడు. “తిప్పి పంపడం మంచి పనే. నేనున్నా పంపేవాణ్ణే.”

“మరి అందరూ నన్నెందుకు దోషిలా చూస్తున్నారు సర్?”

“నువ్వు పనికిరాదన్నది కాంక్రీటునా, మీ మావయ్యనా?”

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “భయమేసింది సర్.”

“వేస్తుంది. నాకూ వేసేది. ఈసారి వేసినప్పుడు ముందు కొలత చెప్పు. ఎంత ఉండాలి, ఎంత వచ్చింది. అది చెప్పాక అరవాల్సిన పని పెద్దగా ఉండదు.”

మర్నాడు అమ్మ ఫోను చేసింది. లోడు పాడుచేశాడని కాంక్రీటు ప్లాంటు వాళ్లు మోమోను లారీ మీంచి దింపేశారట.

ఆదివారం చర్చి అయ్యాక తారైవిని పెద్దలను మన్నింపు కోరేటప్పుడు వాళ్ల ముందు పెట్టే యంగోనా మొక్క వేళ్ల కట్ట తీసుకుని మేనమామ ఇంటికి వెళ్లింది. చాప మీద కూర్చుని, కట్ట ఆయన ముందు పెట్టి తల వంచింది.

“మోమో, ఆ లోడు మళ్లీ తెచ్చినా నేను తీసుకోను. కానీ పదిమందిలో మిమ్మల్ని అలా అనడం నాదే తప్పు. మన్నించండి.”

ఆయన కట్ట ముట్టుకోలేదు. “కుడితి అన్నావు,” అన్నాడు.

“అన్నాను.”

“మీ అత్త చేపల పులుసును కూడా నేనెప్పుడూ ఆ మాట అన్లేదే!”

“ఏదీ, అని చూడు ఒకసారి!” వంటింట్లోంచి అత్త కేక వేసింది.

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆయన కట్ట చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. “రోడ్డు మీంచి ప్లాంటుకు ఫోను చేశానమ్మా. ‘నువ్వే ఏదో ఒకటి చూసుకో’ అన్నారు. చూసుకున్నాను. ఇప్పుడు తప్పంతా నాదంటున్నారు.”

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. సోమవారం హిర్దేశ్‌కు చెప్పింది. “ప్లాంటుకు వెళదాం పద. మాట్లాడేది మాత్రం నువ్వే,” అన్నాడాయన.

ప్లాంటు మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు. “ఆ డ్రైవరు మీ మావయ్యట కదా?”

“అవును సర్. ఆ లోడు తిప్పి పంపింది కూడా నేనే.” కాంక్రీటు ఎంతసేపు డ్రమ్ములో ఉందో, ఎంత కుంగాలో, ఎంత కుంగిందో చెప్పింది. “నీళ్లు పొయ్యడం తప్పే. కానీ దారిలో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగాడు, మీవాళ్లు చూసుకోమన్నారు. ఇకనుంచి ఆలస్యమైతే నాకు ఫోను చెయ్యమనండి. పనికొస్తుందో లేదో అప్పుడే చెబుతాను.”

ఆ రోజు అపెనిసా ఫోను ఎత్తింది ఎవరో మేనేజరు కనుక్కుని, కాసేపు గడ్డం గోక్కుని, సరేనన్నాడు. కొత్త పద్ధతి డ్రైవర్లందరికీ చెప్పారు. అపెనిసాకు లారీ తిరిగొచ్చింది, కాకపోతే వారం జీతం పోయింది. అదొక్కటీ తారైవిని తిరిగి ఇప్పించలేకపోయింది.

గుంట తోడి శుభ్రం చేశాక పునాది పోశారు. మొదటి లారీ అపెనిసాదే. “పరీక్ష చేసుకోండి మేడమ్,” అన్నాడు వెక్కిరింపుగా. కాంక్రీటు చక్కగా నిలబడింది. రెండో లారీ వేరే డ్రైవరుది. దాని కాంక్రీటు బాగా జారిపోయింది.

“అన్నా, కుంగుడు నూరు మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, నూటఎనభై వచ్చింది. రండి, మీరే చూడండి,” అంది తారైవిని.

ఆ డ్రైవరు వంగి చూసి గొణుక్కున్నాడు, గొడవ మాత్రం పెట్టుకోలేదు. అతను వెనక్కి తిప్పుకోవడానికి చోటు కోసం, అపెనిసా తన లారీని పక్కకు తీశాడు.