ఆరో షెడ్డుకు కబురు

నాకు ముక్కు మీదే కోపం. కొత్తపేట నుంచి కాట్రేనికోన దాకా రోజూ బస్సులో నిలబడి వచ్చేదానికి ఇంకెక్కడ ఉంటుంది? పేరు సత్యశ్రీ. పని, రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటర్లు చూడడం. కంప్యూటర్లంటే గొప్పగా ఊహించుకోకండి. ఆఫీసులో ఒక పాత యూనిక్స్ మిషను, దాన్నుంచి తీగలు లాగి యజమాని గదిలో ఒకటి, షెడ్డుకొకటి పెట్టిన ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్ళు. కరెంటు పోయినా అన్నీ బ్యాటరీ మీద నడుస్తాయి. ఎవరో తీసిపారేస్తుంటే మా యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కొనుక్కొచ్చారు. "పనిచేసేదాన్ని పారేస్తే పాపమండి" అంటారాయన.

ఆ మాట యేసురత్నం గారి విషయంలో మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.

యేసురత్నం గారు ఆరో షెడ్డు మనిషి. ఇరవై రెండేళ్ళుగా రొయ్యపిల్లల్ని పెంచుతున్నాడు. చెవులు మందగించాయి. పోయిన నెల కరెంటు పోయి ట్యాంకుల్లోకి గాలి ఆగిపోయింది. ఆఫీసులో గంట కొట్టారు. ఆయన అటు తిరిగి మేత జల్లించుకుంటున్నాడు, వినపడలేదు. డీజిలింజను వేసేసరికి ఒక ట్యాంకు పిల్లలన్నీ పోయాయి. అంతే, ఆయన్ని గేటు దగ్గర కాపలాకు మార్చేద్దామన్నారు. నీలం ప్లాస్టిక్ కుర్చీ కూడా కొని గేటు పక్కన వేశారు.

"గేటు దగ్గర పెంచడానికి ఏవుందమ్మా?" అన్నాడు నాతో. కబురు చెవికి కాకుండా కంటికి పంపుతాను, టెర్మినల్ తెర మీద మెరిపిస్తాను, పది రోజులు గడువివ్వండని అయ్యగారి దగ్గర పంతం పట్టాను.

పెద్ద పనేం కాదు. టెర్మినళ్ళ జాబితా మిషనులో ఒక ఫైలుగా ఉంటుంది, వరసకొక టెర్మినల్. దాన్ని చదవడానికి సి భాషలో ముందే రాసిపెట్టిన ఫంక్షన్లున్నాయి. గెట్‌టీటీవైఎంట్ అని ఒకటి, పిలిచినప్పుడల్లా తరవాతి వరస ఇస్తుంది. గెట్‌టీటీవైనామ్ అని ఇంకొకటి, పేరు చెబితే ఆ వరస వెతికి తెస్తుంది. పేర్లు పలికితే నాలుక మెలిపడుతుంది గానీ, బుద్ధిగల ఫంక్షన్లు. గాలి ఆగగానే మొదటిదాంతో వరసలన్నీ చదువుకుంటూ పోయి అందరికీ కబురు పెట్టడమే.

అక్కడ మేనేజరు రాజేంద్ర గారు అడ్డొచ్చారు. "అయ్యగారికి చెప్పకుండా షెడ్లకి చెప్పేస్తే బాగోదండి. షెడ్డు షెడ్డుకీ ముందు ఆయన్నో మాట అడిగించండి."

అదీ నిజమే అనిపించింది. మర్యాదకు పుట్టినిల్లు మాది. ప్రతి షెడ్డుకూ ముందు అయ్యగారి టెర్మినల్ ఎక్కడుందో వెతికి, ఆయనకు చెప్పి, అప్పుడు షెడ్డుకు చెప్పమని రాశాను.

పదో రోజు ఉదయం పరీక్ష. రాజేంద్ర గారు ఆరో షెడ్డు గాలి ఆపారు. అయ్యగారి తెర మెరిసింది: "నమస్కారమండి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారూ. గాలి ఆగింది. షెడ్లకు చెప్పమంటారా?"

"ఆయ్, చెప్పండి" అన్నారాయన, తెరతోనే.

మళ్ళీ మెరిసింది. నమస్కారమండి. "ఆయ్, చెప్పమన్నాను కదండి." మళ్ళీ నమస్కారం. ఆయన పేరే సగం వరస తింటుంది, తెర నిండా ఆయనే. మర్యాద తెలిసిన మనిషి కదా, పదిహేడుసార్లు జవాబిచ్చారు. నాకు ఒకపక్క ఏడుపు, ఒకపక్క ఆపుకోలేని నవ్వు. అక్కడ ఆరో షెడ్డులో యేసురత్నం గారు కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని నల్లటి తెరనే చూస్తున్నాడట. చివరికి రాజేంద్ర గారే గాలి పెట్టేశారు.

"నాకు పద్దెనిమిది నమస్కారాలు, ఆయనకి ఒక్క కబురూ లేదు" అన్నారు అయ్యగారు. "సాయంత్రం దాకా చూడండమ్మా. అవకపోతే రేపట్నుంచి గేటే."

ఎంత చూసినా తప్పు దొరకలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం అందరం వరసగా అరిటాకుల ముందు కూర్చున్నాం. ఇంటివాడిలా అయ్యగారు నిలబడి చూసుకుంటున్నారు. ఆయన ఎప్పుడూ ఆఖర్నే తింటారు. వంటావిడ భవానీదేవి గారు నెయ్యి వేసుకుంటూ వస్తోంది. నా దాకా వచ్చేసరికి అయ్యగారు అడిగారు: "యేసురత్నం గారికి పడిందా అండి?"

ఆవిడకు గుర్తు లేదు. మొదటి ఆకు నుంచి చూసుకుంటూ ఆయన దాకా వెళ్ళింది. చూసింది, వేసింది. ఎక్కడ ఆపిందో మర్చిపోయి మళ్ళీ మొదటి ఆకు నుంచి అందుకుంది. మొదటి ఆకు రాజేంద్ర గారిది. ఆయనకు నెయ్యి రెండోసారి పడుతోంది, నోరెత్తడం లేదు. నా ఆకులో చుక్క లేదు.

నేను ఎంగిలి చేత్తోనే లేచి గంతేశాను.

గెట్‌టీటీవైనామ్ చేసేదీ అదే. పేరు వెతకడానికి ఫైలును మొదటినుంచి చదువుతుంది, దొరకగానే ఫైలు మూసేస్తుంది. అంతదాకా ఎక్కడ చదువుతున్నామో ఆ గుర్తు పోతుంది. ఇక తరవాతి వరస అంటే మళ్ళీ మొదటి వరసే. అది అయ్యగారిది. షెడ్డు షెడ్డుకీ ఆయన్ని అడగమన్న నా అతి మర్యాదే కొంప ముంచింది.

"ఒక్క లైను తీసేస్తానండి" అన్నాను ఆయనతో. "కానీ మిమ్మల్ని అడక్కుండా షెడ్లకి వెళ్ళిపోద్దండి కబురు."

ఆయన ఆకుల వరస కేసి చూశారు. "నా గదిని ఆ జాబితాలో ఆఖర్న పెట్టండమ్మా. ఇంటివాడు ముందు తింటాడా ఎక్కడైనా?"

మూడింటికి మళ్ళీ గాలి ఆపారు. ఈసారి నేను ఆరో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. యేసురత్నం గారు అటు తిరిగి మేత జల్లిస్తున్నాడు. తెర మెరిసింది. ఆ వెలుగు ఎదురుగోడ మీద పడగానే తిరిగి చూశాడు, చదివాడు, జల్లెడ వదిలేసి పరిగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి అలా పరిగెత్తడం నేను చూడలేదు. ఇంజను అందుకుంది. ట్యాంకులన్నిట్లో బుడగలు లేచాయి. ఆయన వెనక్కొచ్చి, ఒక వేలితో వెతుక్కుంటూ వెతుక్కుంటూ టెర్మినల్లో జవాబు కొట్టాడు: "ఆయ్".

నేను పిచ్చిదానిలా నవ్వుతూ ఏడ్చాను.

అయ్యగారు నడుచుకుంటూ వచ్చి, బుడగల్ని చూసి, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు. యేసురత్నం గారు గేటు దాకా వెళ్ళి ఆ నీలం కుర్చీ మోసుకొచ్చాడు. తువ్వాలుతో దులిపి ట్యాంకు పక్కన వేశాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు. "బస్సులో ఎలాగూ నిలబడే ఎల్తారు."