ఎ ముఖం

షెడ్డంతా వదినా అని పిలిచే ఆమె కాలు పెడల్ మీద లేదు. ఫిట్టర్ కళ్లారా చూశాడు. అయినా రేకులు నొక్కే ప్రెస్సు రెండోసారి దిగింది. ఆమె కుడిచేతి నాలుగు వేళ్లూ రేకుతోపాటే నుజ్జయిపోయాయి.

ఆమెను ఆసుపత్రికి మోసుకెళ్తుంటే కంట్రాక్టరు నెత్తురు కడగడానికి నీళ్ల గొట్టం తెప్పించాడు. ఆహా, ఏం శుభ్రత!

"తప్పంతా దానిదే. ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యాలి. ఇక రావద్దని చెప్పండి. వైద్యంతో నాకు సంబంధం లేదు."

ఫిట్టర్ స్పానరు అందుకున్నాడు. పెడల్ వదలగానే ప్రెస్సును పట్టి ఆపే పిన్ను ఉంటుందే, ఆ పిన్ను దూరే రంధ్రమున్న బ్రాకెట్టు విప్పి బల్ల మీద పడేశాడు. అందరూ మూగారు.

"పిన్ను బాగానే దూరుతోంది కదరా," అన్నాడు రంధ్రాలు వేసే టర్నర్. షెడ్డులో ఎప్పుడూ అదే లెక్క. పిన్ను దూరితే రంధ్రం సరిగ్గా ఉన్నట్టే.

డ్రాయింగు గదిలో పనిచేసే అమ్మాయి ఆ బ్రాకెట్టు బొమ్మ గీసిన కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "సైజు ఒక్కటే చూస్తే ఎలా అన్నా? పక్కన ఈ గళ్లు చూడండి. తిరగేసిన టి గుర్తుంటే రంధ్రం నిటారుగా ఉండాలని. ఈ అంకె, ఎంతవరకు వాలొచ్చో. ఈ 'ఎ', ఏ ముఖం, అంటే ఏ పక్క నుంచి కొలవాలో. ఎ అంటే ప్రెస్సు ఫ్రేముకి ఆనించి బిగించే ముఖం."

టర్నర్ తల వంచుకున్నాడు. "మేం అటుపక్క రంగేసిన ముఖం ఆనించి రంధ్రం వేశాం. ఎ ముఖం చదును చేస్తామంటే ఆలస్యమవుతుందని కంట్రాక్టరు తిట్టాడు."

"ఇదొక్కటేనా?" అడిగాడు ఫిట్టర్.

"షెడ్డులో ఉన్నవన్నీ."

ఫిట్టర్ ఎ ముఖం మీద నిటారు చూసే మూలమట్టం నిలబెట్టాడు. పిన్నుకీ దానికీ మధ్య సందులోంచి వెలుగు కనబడింది. పిన్ను వాలి ఇరుక్కుపోయింది, అందుకే ప్రెస్సు ఆగలేదు. ప్రెస్సులు నడిపే ఆడవాళ్లంతా తమ చేతులకేసి చూసుకున్నారు.

"నువ్వెందుకు తల వంచుతావురా?" టర్నర్‌ని కసిరింది వదిన అత్త, ప్రెస్సు మీదే జుట్టు నెరిసిన పెద్దమ్మ. "వాడి తొందరకి మనందరం చేతులు బలి ఇస్తున్నాం. ఎ ముఖం సరిచెయ్యందే ఒక్క ప్రెస్సూ కదలదు. నా కోడలి వైద్యం వాడే చేయించాలి!"

ప్రెస్సులన్నీ ఆగిపోయాయి.

కంట్రాక్టరు మనుషులు ఇనుపకడ్డీలతో విరుచుకుపడ్డారు. టర్నర్ తల పగిలింది. సాక్ష్యం పోకుండా బ్రాకెట్టును గుండెకు హత్తుకుని పడుకున్న ఫిట్టర్ భుజం విరిగేదాకా కొట్టారు. అయినా వదల్లేదు. ఆడవాళ్లు రేకులు విసిరారు, చేతికందిన స్పానరుతో తిరగబడ్డారు. పోలీసులొచ్చి ఎవరికి సంకెళ్లు వేశారనుకున్నారు? ఫిట్టర్‌కే. యంత్రం పాడుచేశాడట!

"ఇక నడపండి!" కంట్రాక్టరు అరిచాడు.

పెద్దమ్మ తన కోడలి ప్రెస్సు దగ్గరికి నడిచింది. స్టూలు మీద మిగిలిన నెత్తురు కొంగుతో తుడిచింది.

"తప్పు మా కోడలిదేగా? రా, నువ్వు కూర్చో. నీ చెయ్యి పెట్టు. పెడల్ నేను తొక్కుతా."

కంట్రాక్టరు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

అది షెడ్డంతా చూసింది. పోలీసులూ చూశారు. వ్యానులోకి తోస్తుంటే ఫిట్టర్ పగిలిన పెదవులతోనే నవ్వాడు.

"ఆ వంకర బ్రాకెట్లన్నీ విప్పండ్రా!" పెద్దమ్మ కేక వేసింది. షెడ్డంతా స్పానర్లు అందుకుంది. కొందరు వెళ్లి వ్యాను కదలకుండా దాని ముందు పడుకున్నారు.