అరంగుళం

నాలుగోసారి కూడా దారం సూది బెజ్జం పక్కనుంచి పోయింది. సిరన్ చుట్టూ ఓసారి చూసి, దారం కొస నోట్లో తడిపి, మోచేతిని బల్లకి ఆనించి ఐదోసారి ఎక్కించింది. కుడిచేతి బొటనవేలు ఫిబ్రవరి నుంచీ వణుకుతోంది. ఆ సంగతి ఆమెకీ, గ్లెండేల్ పేటలో ఆమెని చూసే డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే స్టూడియో కుట్టుగదిలో కిటికీ పక్క కుర్చీ పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమెకి ఇల్లంటే ఆ కుర్చీయే. అద్దె గది పడుకోవడానికి మాత్రమే.

పొట్టి మనిషి. మెడలో టేపు, ఏప్రన్ నిండా గుండుసూదులు, మధ్యవేలికి సూది గుచ్చుకోకుండా, తల్లి పుట్టినూరు యెరెవాన్ నుంచి తెచ్చిన వెండి అంగుస్తానా.

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే కుర్రపిల్ల తలీన్ ఫోన్ చూస్తూ నవ్వింది. రాత్రే ‘ఫాగ్‌మన్’ మొదలైంది, మహా శక్తులున్న డిటెక్టివ్ సీరియల్. ఆ డిటెక్టివ్ బూడిదరంగు కోటు కుట్టింది సిరనే.

“అక్కా, విమర్శకులు ఉతికి ఆరేశారు. విను: ‘సోకు బారెడు, కథ జానెడు.’ ఇంకోడు: ‘డిటెక్టివ్‌కి గోడ అవతల కూడా కనిపిస్తుంది. దర్శకుడికి గోడే కనబడలేదు.’”

“పాపం, ఎంత కష్టపడ్డారో,” అంది సిరన్ తలెత్తకుండా.

“ఆగాగు. న్యూయార్క్ ముసలాయన లేడూ, చచ్చినా ఎవర్నీ మెచ్చడు, ఆయన రాశాడు. ‘ఇందులో నటించింది ఆ కోటొక్కటే. ఎడమ భుజం అరంగుళం కిందికి జారి ఉంటుంది. అతను కాపాడలేకపోయిన వాళ్ళందరి బరువూ ఆ భుజం మీదే ఉంది.’ అక్కా, నీ కోటే!”

సిరన్ సూది కింద పెట్టేసింది. ఆ భుజం ఎవరి బరువూ మోయడం లేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం చెయ్యి మాట వినక లోపలి ప్యాడ్ పక్కకి పోయింది. కోటు షూటింగుకి వెళ్ళిపోయాక ఫొటోలో చూసుకుంది. ఎవరి కంటా పడకూడదని ఆరు నెలలు చర్చిలో కొవ్వొత్తులు వెలిగించింది. ఇప్పుడు దేశమంతా చూసింది.

పదకొండింటికి డిజైనర్ మెరిడిత్ డోనట్ల పెట్టెతో వచ్చింది.

“సిరన్, బంగారం! పొద్దుట్నించీ ఆ భుజం గురించే ఫోన్లు. నా ఆలోచనే అని చెప్పేశాను, ఏమనుకోకు. రెండో సీజన్‌కి అలాంటి కోటు పదకొండు కావాలి. అన్నిటికీ అదే వాలు. సాయంత్రానికి ఒక భుజం చూపించు.”

తప్పు దొరక్కపోగా పండింది. నవ్వాలో ఏడవాలో తెలియక సిరన్ కుట్టడానికి కూర్చుంది. మొదటి భుజం తిన్నగా వచ్చింది. అరంగుళం కొలిచి, సుద్దగీత పెట్టి రెండోది కుట్టింది. గీత దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తానే సర్దేసుకుంది. మూడోది ముడత పడింది. అన్నేళ్ళు తిన్నగా కుట్టిన చేతికి కావాలని తప్పు చేయడం రాదు. ఆ రోజు చేసింది కూడా ఆమెని అడిగి చేయలేదు.

నాలుగింటికి మెరిడిత్ మళ్ళీ వచ్చింది. సిరన్ మూడు భుజాలూ బల్ల మీద పెట్టి, పక్కనే తన చెయ్యి కూడా పెట్టింది. అది కొట్టుకుంటూనే ఉంది.

“అది ఎవరి ఆలోచనా కాదమ్మా. ఇదీ సంగతి.”

మెరిడిత్ వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“ఎవరితోనైనా అన్నావా?”

“లేదు.”

“అనకు. అలిసిపోయావు నువ్వు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. మేం పిలుస్తాం.”

పిలుస్తాం అంటే ఆ ఊళ్ళో పిలవరని అర్థం. సిరన్ కత్తెర తుడుచుకుంది, ఏప్రన్ విప్పి మడతపెట్టి సంచిలో వేసుకుంది.

“అప్పుడేనా అక్కా? రేపు నీకు డోలమా వండి తెస్తున్నా,” అంది టీ తాగి లోపలికొస్తూ తలీన్.

“తే,” అంది సిరన్.

తలీన్ రెండు రోజులు తెచ్చి, అలాగే తిరిగి పట్టుకెళ్ళింది.

రెండో సీజన్ రాకముందే, ఈస్టర్ వారంలో సిరన్ చనిపోయింది. చర్చి బయట ఎవరో చెబితే తలీన్‌కి తెలిసింది. మర్నాడు పనికొచ్చి కిటికీ వైపు చూసింది. సిరన్ ఏప్రన్ ఉండే మేకుకి, ఫాగ్‌మన్ మొదటి కోటు కుట్లు విప్పి ఆ కొలతకి కత్తిరించిన అట్ట నమూనా వేలాడుతోంది. దాని మీద నల్లసిరాతో రాసి ఉంది: ‘మెరిడిత్ భుజం. ఎడమ. అరంగుళం తక్కువ.’