ఎడమ భుజం మీద మైనం చుక్క

పస్కా పండక్కి వారం ముందు, ఒక బుధవారం, మా ఫిడేళ్ల రిపేరు పుస్తకంలో ఇలా రాశాను: "ఎడమ భుజం మీద మైనం మరక. శుభ్రం చేశాను." కింద ఎతేరి అని సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

మా షాపు హైఫాలో, కొండ నడుమ ఒక మెట్ల వీధిలో ఉంది. మెనాషే గారిది. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు, 'నువ్వు' అనే అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లని అలా అనరు కాబట్టి నాకు నోరు రాలేదు. ఆయన బాగుచేసే ఫిడేళ్లన్నీ రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోయిన మన యూదులవి. వాయించినవాళ్లు తిరిగి రాలేదు. ఫిడేళ్లు మాత్రం అటకల మీంచో, పశువుల కొట్టాల్లోంచో, పొరుగువాళ్ల పెట్టెల్లోంచో ఎలాగో బయటపడ్డాయి. ఆయన వాటిని బాగుచేసి వాయించేవాళ్ల చేతికిస్తారు. అద్దాల బీరువాలో పెడతామని ఎవరొచ్చినా పంపించేస్తారు. అలా పెడితే ఆ మనిషి రెండోసారి పోయినట్టేనని ఆయన మాట.

షాపులో ఒకే ఒక నియమం. కథ వినకుండా కత్తి పట్టకూడదు. ఫిడేలు తెచ్చినవాళ్లు ముందు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి, టీ తాగాలి, అది ఎవరిదో చెప్పాలి. ఆ తర్వాతే పెట్టె తెరుస్తారు.

పెర్లా గారి ఫిడేలు విషయంలో అలా జరగలేదు. ఆవిడ కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే మేనల్లుడు తెచ్చి పెట్టిపోయాడు. అతనికి కథ తెలియదు. అదే వారం మెనాషే గారు కంటి ఆపరేషన్‌కి వెళ్లారు. వెళుతూ, పై పలక మీది పగులుకి జిగురు పెట్టమనీ, ఇంకేదీ ముట్టుకోవద్దనీ చెప్పారు.

పగులు రెండు రోజుల్లో అతికింది. ఆ తర్వాత నా చేతులు ఊరుకోలేదు. పస్కా ముందు మన ఇళ్లల్లో ఎలా ఉంటుందో తెలుసు కదా. పులిసిన రొట్టె తునక ఎక్కడా మిగలకూడదని ఫ్రిజ్ వెనక సందు కూడా పుల్లతో గీకుతాం, పుస్తకాలు పేజీ పేజీ దులుపుతాం. పైగా మా అమ్మ జార్జియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అష్దోద్ ఓడరేవు ఆఫీసులు ఊడుస్తోంది, ముప్ఫై ఏళ్లుగా. మురికి కనబడితే కళ్లు మూసుకోవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే. చదివింది కూడా పాత వస్తువుల్ని కాపాడే చదువే.

ఫిడేలు ఎడమ భుజం మీద బొటనవేలి గోరంత మైనం గడ్డకట్టి ఉంది. పసుపు పోయి నల్లబడింది. ఆ వారంలో నా కళ్లకి అది ఇంట్లో మిగిలిపోయిన రొట్టె తునకలాగే కనిపించింది. వెదురు చీలికతో పైకి లేపాను. మిగిలిన జిడ్డుని ఉమ్మి తడిపిన దూదితో తుడిచాను. మా పనిలో ఉమ్మే మొదటి మందు, కాలేజీలో నేర్పుతారు. అరగంట పట్టింది. కింద వార్నీషు దానిమ్మ గింజలా మెరిసింది.

పండగ అయిన వారానికి పెర్లా గారు నడక బండి తోసుకుంటూ వచ్చారు. ఎనభై అయిదేళ్లు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురు తప్ప ఏమీ ఆనదు. నేను చెయ్యందిస్తూ "రండి పెర్లా గారూ, ఇక్కడ మెట్టుంది" అన్నాను.

"గారేంటి అమ్మాయ్, నేనేమన్నా మంత్రినా? అమ్మమ్మా అను, చాలు."

మెనాషే గారు నల్ల కళ్లద్దాలతో అప్పుడే పనిలోకి వచ్చారు. శ్రుతి చేసిన ఫిడేలు ఆవిడ ఒళ్లో పెట్టారు. ఆవిడ ముందు వాసన చూసింది. తర్వాత బొటనవేలు అంచు వెంట మెల్లగా పోనిచ్చి ఎడమ భుజం దగ్గర ఆపింది. వెనక్కి వెళ్లి మళ్లీ తడిమింది. మూడోసారి కూడా.

"ఇది మాది కాదు," అంది.

మెనాషే గారు నవ్వి, పాత పగులు ఇదిగో, మేనల్లుడు తెచ్చిన పెట్టె కూడా అదే అని చెప్పబోయారు.

"చూడ్డానికి నాకు కళ్లెక్కడివి? వేలితోనే చూస్తున్నా. మా నాన్నది కాదు. మార్చేశారు."

నలభై ఏళ్లలో ఆ షాపులో ఎవరూ అనని మాట అది. ఆయన ముఖం ఎర్రబడింది. రిపేరు పుస్తకం ఆయన ఇంకా చదవలేదు, చదివే కళ్లు ఇంకా రాలేదు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మేనల్లుడు వచ్చి సాక్ష్యం చెప్పేవాడు. వయసు మీద పడింది, మర్చిపోయావని అందరం కలిసి ఆవిణ్ణి నమ్మించేవాళ్లం. ఒక గుటక వేసేంత సేపు ఆ ఆలోచన నాలో ఉంది.

"మీదే అమ్మమ్మా. అక్కడ మైనం ఉండేది. నేనే తీసేశాను," అన్నాను.

ఆవిడ ఫిడేలు ఒళ్లో సర్దుకుంది. మేం ముందే వినాల్సిన కథ అప్పుడు చెప్పింది.

వాళ్ల పాత దేశంలో, చెర్నొవిత్స్ ఊళ్లో, వాళ్ల నాన్న లైజర్ టోపీలు కుట్టేవాడు. సబ్బాతు రోజు వాద్యం ముట్టకూడదు కాబట్టి, శనివారం సాయంత్రం, సబ్బాతు ముగిసిందనే గుర్తుగా ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా ఆయన ఇంట్లో పచార్లు చేసేవాడట. సబ్బాతుని సాగనంపే అల్లిక కొవ్వొత్తి ఇంకా వెలుగుతుండగానే ఫిడేలు పెట్టె తీసేవాడట. ఆ కొవ్వొత్తి ఇంట్లో ఆడపిల్ల పట్టుకుంటుంది. ఎంత ఎత్తున పట్టుకుంటే అంత ఎత్తు మొగుడొస్తాడని మన ఆనవాయితీ. ఆరేళ్ల పెర్లా పీట ఎక్కి, రెండు చేతులూ చాచి పట్టుకుంది. మైనం కారి ఫిడేలు మీద పడింది. వాళ్లమ్మ ఏప్రన్ అంచు ఉమ్మితో తడుపుకుని తుడవబోతే నాన్న అడ్డం పడ్డాడు. "ఉంచవే. అది నా అల్లుడి ఎత్తు. పెళ్లినాడు కొలిచి చూద్దాం," అన్నాడట.

నాలుగేళ్లకి సైనికులు వాళ్లందర్నీ నది అవతలి శిబిరాలకి తోలుకుపోయారు. అమ్మానాన్నలు అక్కడే పోయారు. పద్నాలుగేళ్ల పెర్లా ఒక్కతే తిరిగొస్తే, వాళ్లింట్లో బట్టలుతికిన పరాస్కా, తన వంటింట్లో పిండి పెట్టెలో దాచిన ఫిడేలు తీసి ఇచ్చింది. దీపం లేని ఆ వంటింట్లో, అది తమదేనని ఆవిడ ఆనవాలు పట్టింది ఆ చుక్కని తడిమే.

"మరి అల్లుడు ఎత్తైనవాడే వచ్చాడా?" అని మెనాషే గారు అడిగారు.

"మా ఆయన ష్మూలికా? నా చెవి దాకా వచ్చేవాడు."

ఆ మాట నవ్వకుండానే అంది. ఫిడేలు పెట్టెలో పెట్టెయ్యమంది, ఇంటికి తీసుకుపోతానంది. మేం బాగుచేసిన ఫిడేళ్లతో పెట్టే కచేరీ మాట అడిగితే తర్వాత చూద్దామంది. కచేరీ రెండు వారాల్లో ఉంది, కార్యక్రమం కాగితంలో లైజర్ పేరు అచ్చయిపోయింది కూడా. ఇప్పుడు ఇంటికి పోతే అది మళ్లీ బీరువా మీదికి ఎక్కుతుంది. ఈవిడ తర్వాత లైజర్ ఎవరో చెప్పేవాళ్లుండరు.

మెనాషే గారు నన్ను తిట్టలేదు. రిపేరు పుస్తకం ముక్కు దాకా తెచ్చుకుని ఆ లైను చదివి, "శుభ్రం చేశాను అని రాశావు. ఎవరడిగారు?" అన్నారు. అంతే.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఓదారుస్తుందనుకున్నాను.

"ముప్ఫై ఏళ్లుగా ఊడుస్తున్నాను," అంది అమ్మ. "నేల మీదున్నది ఎత్తుతాను. బల్ల మీద చిత్తు కాగితం ఉన్నా ముట్టను. పారెయ్యమంటారా అని అడుగుతాను. చదువుకున్నదానివి, ఇది కూడా నేనే చెప్పాలా?"

తర్వాత గొంతు తగ్గించి, శనివారం పొద్దు వాలే వేళకి ఆవిడింటికి వెళ్లమంది. ఒంటరి మనుషులకి సబ్బాతు వెళ్లిపోయే వేళే బరువుగా ఉంటుందట. చేతులూపుకుంటూ వెళ్లొద్దని కూడా చెప్పింది. శుక్రవారమే మా జార్జియా పద్ధతిలో జున్ను రొట్టె కాల్చి పెట్టుకున్నాను. సబ్బాతు నాడు బండెక్కం కాబట్టి శనివారం నడుచుకుంటూ కొండెక్కాను.

తలుపు తడితే లోపల్నుంచి ఎవరని అడిగింది. పేరు చెప్పాను.

"తుడవడానికి ఇంకా ఏమన్నా మిగిలిందా?" అంటూనే తలుపు తీసింది.

రొట్టె తిని ఉప్పెక్కువైందంది. రెండో ముక్క కూడా తీసుకుంది. నేను క్షమించమని అడగబోతే, అది పండగల ముందు ఫోన్లో మొక్కుబడిగా అడిగే మాట, ఇప్పుడొద్దంది. ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. చుక్కలు నన్నే చూడమంది, తన కంటికి ఆకాశమంతా ఒకటేనంది. రేవు క్రేన్ల పైన ఒకటి, రెండు, కాసేపటికి మూడోది కనిపించాయి.

సబ్బాతుని సాగనంపడానికి ఆవిడ ద్రాక్షసారా గ్లాసు, లవంగాల డబ్బీ, అల్లిక కొవ్వొత్తి బల్ల మీద పెట్టింది. పట్టుకునే మనిషి లేక ఏళ్ల తరబడి కొవ్వొత్తిని గాజు గ్లాసులో గుచ్చుకుంటోందట. నేను వెలిగించి పట్టుకున్నాను.

"పెళ్లయిందా?"

"లేదు."

"ఎక్కడ పట్టుకున్నావు?"

"గడ్డం దగ్గర."

"అంత పొట్టివాడా? నా గతి నీకెందుకే, పైకెత్తు."

ఎత్తాను. ఆవిడ పెట్టె తెరిచి ఫిడేలు తీసి ఒళ్లో, సరిగ్గా కొవ్వొత్తి కిందికి వచ్చేలా పెట్టుకుంది. ఏం చెయ్యమంటోందో నాకప్పుడు అర్థమైంది.

"అమ్మమ్మా, ఇది పాత చుక్క అవదు," అన్నాను.

"తెలుసు. కళ్లు పోయాయి గానీ బుద్ధి పోలేదు. మా నాన్న ఉంచినదాన్ని నువ్వు తీశావు, అది రాదు. నీది పెట్టు."

ఆవిడ ప్రార్థన చదువుతుంటే కొవ్వొత్తి వంచాను. చుక్క పాత చోటుకి అంగుళం కిందగా పడింది. ఆవిడ ఆమెన్ అని, అది ఆరేదాకా ఆగి, బొటనవేలు దాని మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. కొవ్వొత్తిని సారాలో ముంచి ఆర్పాను. లైటు వేసేసరికి ఆవిడ ఒక తీగని వేలితో మీటుతోంది. వాయించడం ఆవిడకి రాదు. ఆ ఒక్క తీగనే నాలుగైదు సార్లు మీటింది.

"పంపించు కచేరీకి," అంది. "నాకు ముందు వరసలో కుర్చీ వెయ్యమను."

ఆదివారం పుస్తకంలో పాత లైను కింద తేదీ వేసి రాశాను: "పెర్లా గారింట్లో, సబ్బాతు ముగిసిన వేళ, కొత్తగా మైనం చుక్క పడింది. తుడవకూడదు." మెనాషే గారు చదివి, పడిందా, వేశావా, ఏదో ఒకటి సరిగ్గా రాయమన్నారు. 'పడింది' కొట్టేసి 'వేశాను' అని రాశాను. అప్పుడు ఆయన కూడా పక్కన సంతకం పెట్టారు.

కచేరీకి అమ్మ అష్దోద్ నుంచి బస్సులో వచ్చింది. వేదిక మీద వాయించే అతను ఫిడేలు అందుకుని, దీపాల కింద ఆ చుక్క చూసి, జేబులోంచి రుమాలు తీశాడు. నేను లేచేలోపే ముందు వరసలోంచి మాట వినబడింది.

"నాయనా, దాన్ని ముట్టుకోకు. అది ఒక పిల్ల మొగుడి ఎత్తు."

అతనికి ఏమీ అర్థం కాలేదు. చేతిలో రుమాలు కదిలిన చప్పుడు ఈవిడకెలా వినబడిందో నాకూ అర్థం కాలేదు. అతను బుద్ధిగా రుమాలు జేబులో పెట్టేసుకుని ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నాడు. అతను అందుకున్నది, శనివారం సాయంత్రాలు లైజర్ వాయించేవాడని పెర్లా అమ్మమ్మ కూనిరాగం తీసి వినిపించిన పాట. ముందు వరసలో ఆవిడ తల మెల్లగా ఊగుతోంది.

అమ్మ నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "ఎంత ఎత్తున పట్టుకున్నావే?"

కూర్చున్నచోటే చెయ్యెత్తి చూపించాను. అమ్మ ఒకసారి కొలిచినట్టు చూసింది.

"సరిపోతాడులే," అని మళ్లీ పాటలో పడింది.