ఏమీ అడగని వేకువ

ఉప్పు వాసన. తడి చిప్పల వాసన. అప్పుడే పడవలోంచి దించిన ఆల్చిప్పల గుట్ట మీంచి, చలిగాలిలోకి సన్నగా లేచే ఆవిరి...

ముప్పై ఒక్క చలికాలాలు ఆ వాసనలోనే బతికాను.

కొరియా దక్షిణ తీరాన, తొంగ్యాంగ్ రేవులో మా షెడ్డు. పొడవాటి బల్ల. బల్లకు రెండు వైపులా ఆడవాళ్ళం. మధ్యలో చిప్పల గుట్ట. ఎడమ చేతిలో చిప్ప, కుడి చేతిలో కత్తి. మొన గుచ్చడం, తిప్పడం, తెరవడం, లోపలి మెత్తని ముద్దని గీకి బకెట్లో వేయడం.

మళ్ళీ.

మళ్ళీ.

ఒలిచిన చిప్ప వెనక ఇంకో చిప్ప. తరగని గుట్ట.

నా పేరు బున్నే. యాభై తొమ్మిదేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. కూతురు బూసాన్‌లో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే కొట్టు పెట్టుకుంది. నాకంటూ మిగిలింది ఒక్కటే — షెడ్డులో అందరికన్నా వేగంగా ఆడే కత్తి అన్న పేరు.

బల్లకు మొదటి చోటు నాది. హీటర్ పక్కన. పదకొండేళ్ళుగా నాదే. అందరికన్నా వేగంగా ఒలిచే మనిషిదే ఆ చోటు. అలా అని ఎక్కడా రాసి లేదు. అయినా ఇంకెవరూ అక్కడ నిలబడరు. ఒళ్ళు కాలే జ్వరంలో కూడా వేకువన నాలుగింటికల్లా వెళ్ళి నిలబడేదాన్ని. ఒక్క రోజు ఖాళీగా ఉంటే పోతుందేమోనని భయం.

ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. వెళ్ళి అడిగేదాన్ని.

అడగడం నాకు బాగా వచ్చు. భర్త నడుము గురించి అడిగాను. కూతురి పెళ్ళి గురించి అడిగాను. కారే కప్పు గురించి, లేవని భుజం గురించి అడిగాను. కొన్ని దేవుడు ఇచ్చాడు. కొన్ని ఇవ్వలేదు. ఇచ్చినవి మరిచిపోయాను. ఇవ్వనివన్నీ గుర్తున్నాయి.

బల్ల చివర, తలుపు సందులోంచి గాలి కొట్టే చోట, ఓక్బున్ అక్క నిలబడేది. డెబ్భై రెండేళ్ళ మనిషి. రోజూ అయిదింటికి వేకువ ప్రార్థనకి పోయి, ఆరున్నరకి షెడ్డుకి వచ్చేది. అప్పటికి మా బకెట్లు ఎన్నో నిండిపోయి ఉండేవి.

"ఓక్బున్ అక్కొచ్చిందర్రా!" అని అరిచేది మాల్జా. మాల్జా కత్తి నా కత్తి తర్వాతది. నోరు మాత్రం అందరికన్నా ముందు. "ఇవాళ దేవుడు తొందరగా వదిలేశాడే!"

అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేదాన్ని.

ఓక్బున్ అక్క కూడా నవ్వి, గ్లౌజులు తొడుక్కునేది.

పోయిన వసంతంలో ఆమె మంచం పట్టింది. సముద్రపు నాచు పులుసు కాచి తీసుకెళ్ళాను. రెండు చెంచాలు తాగి చాలంది. ఏం మాట్లాడాలో తెలీక అడిగాను.

"అక్కా, ఇరవై ఏళ్ళు వేకువన వెళ్ళావు కదా. ఏం అడిగేదానివి?"

"మొదట్లో ఏవేవో అడిగాను. తర్వాత అడగాల్సినవి అయిపోయాయి."

"అయిపోతే మరి ఎందుకు వెళ్ళడం?"

ఆమె నా వంక వింతగా చూసింది. పిచ్చి ప్రశ్న వేసిన పిల్లని చూసినట్టు.

"ఆయన ఉంటాడు కదే."

ఆ తర్వాతి వారం ఆమె పోయింది.

ఆయన ఉంటాడు కదే... ఆ మాట గ్లౌజులోకి దూరిన చిప్ప ముక్కలా నాలో ఉండిపోయింది. పని చేస్తున్నంతసేపూ గుచ్చుకుంటూనే ఉంది. తీద్దామంటే దొరకదు.

ఎండాకాలమంతా ఆలోచించాను. ముప్పై ఏళ్ళు చర్చికి వెళ్ళాను. ఇయ్యి, ఇయ్యి అన్నాను. ఇచ్చే చేతుల్నే చూశాను. ఆ చేతులు ఎవరివో తలెత్తి చూసిందెప్పుడు?

నవంబరు వచ్చింది. ఆల్చిప్పల కాలం మొదలయింది.

మొదటి రోజు వేకువన రేవు వైపు దిగాల్సిన దాన్ని, మిట్ట ఎక్కి చర్చికి వెళ్ళాను.

నలుగురమే. ఒక ముసలి జంట, నేను, తాక్ పాస్టరు గారు. ఆయనకి ముప్పై అయిదేళ్ళు. పగలు వ్యాన్‌లో ఇంటింటికీ పార్సిళ్ళు వేస్తారు. వేకువన పాట ఎత్తుకునేటప్పుడు ఆయన గొంతులో ఇంకా నిద్ర ఉండేది.

కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఏమీ అడగను, నువ్వు చాలు అన్నాను.

నిశ్శబ్దం.

కాసేపటికి చూసుకుంటే ఒళ్ళో నా వేళ్ళు కదులుతున్నాయి. గుచ్చడం, తిప్పడం, తెరవడం...

ఆరున్నరకి షెడ్డుకి వెళ్ళేసరికి మొదటి చోట్లో మాల్జా నిలబడి ఉంది. నన్ను చూసి గడ్డం ఎత్తింది.

"ఖాళీగా ఉంటే నిలబడ్డాను. తప్పా?"

"తప్పేముంది."

"ముసల్ది పోతూ పోతూ తన జబ్బు నీకంటించి పోయిందా ఏంటే?"

బల్లంతా నవ్వింది. నేను చివరికి నడిచాను. తలుపు సందులోంచి గాలి నేరుగా వీపుకి తగిలింది.

మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను.

ఏమీ జరగలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. వెలుగు రాలేదు, కన్నీళ్ళు రాలేదు. చాలాసార్లు నిద్ర వచ్చింది. నిద్ర రాని రోజు మాల్జా వచ్చింది — కళ్ళు మూసుకోగానే హీటర్ పక్కన, నా చోట్లో, వీపు వెచ్చగా కాచుకుంటూ. దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి నేను రోజూ మాల్జానే చూస్తున్నాను. పూర్ణ హృదయంతో వెతకాలని పాస్టరు గారు చెప్పేవారు. నా హృదయం నాలుగు ముక్కలై నాలుగు చోట్ల పడి ఉంది. ఏరుకోవడానికే గంటన్నర చాలేది కాదు.

డిసెంబరులో ముసలి దంపతులు కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇద్దరమే మిగిలాం. పాస్టరు గారు, నేను.

జనవరి మొదట్లో షెడ్డు యజమాని హ్వాంగ్ గారు నన్ను పక్కకి పిలిచారు. చెడ్డ మనిషి కాదు. వేడి బార్లీ టీ కప్పు నా చేతికిచ్చారు.

"బున్నే గారూ, ఇక కత్తి దించెయ్యండి. బల్ల పెద్దగా ఉండండి. నెల జీతం. చిప్పలు పంచడం, సరుకు చూసుకోవడం, అంతే. మీ మాటైతే అందరూ వింటారు."

భుజం అప్పటికే పైకి లేవడం లేదు. జుట్టు ముడేసుకోవాలంటే తల కిందికి వంచాలి.

"కాకపోతే నాలుగింటికి ఉండాలి మీరు" అన్నారాయన. "షెడ్డు తాళం తీసేది మీరే కదా మరి."

కూతురు ఫోన్లో దాదాపు ఏడ్చింది.

"ఒప్పుకోమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. దేవుడు చర్చిలోనే కూర్చుని ఉంటాడా? ఇంట్లో చేసుకో ప్రార్థన."

అది చెప్పిందాంట్లో తప్పు లేదు. ఒప్పుకున్నాను.

మూడు రోజులు నాలుగింటికి వెళ్ళాను. తాళం తీశాను. దీపాలు వేశాను. మొదటి చోట్లో, హీటర్ పక్కన నిలబడ్డాను. అందరూ పెద్దమ్మగారూ అని వెక్కిరించారు, కానీ మర్యాదగానే వెక్కిరించారు. మాల్జా ముఖం మాడ్చుకుని రెండో చోటికి జరిగింది.

బాగుంది. అబద్ధం ఎందుకు? చాలా బాగుంది. వీపు వెచ్చగా ఉంది. భుజానికి విశ్రాంతి దొరికింది.

నాలుగో రోజు గోడ గడియారం అయిదు చూపించింది. ఎవరో ఏదో అడుగుతున్నారు, నాకు వినపడటం లేదు. మిట్ట మీద ఆ చల్లటి గది గుర్తొచ్చింది. ఈ రెండు నెలల్లో అక్కడ నాకేమీ దొరకలేదు. ఒక్క మాట దొరకలేదు. అయినా ఇప్పుడు అక్కడ లేనందుకు గుండెలో ఏదో లాగుతోంది — అన్నం పొయ్యి మీద పెట్టి బయటికొచ్చిన మనిషికి ఉండే లాగుడు.

ఏమీ దొరకని చోటు కోసం ఇంత బెంగా?

ఆ బెంగ ఎక్కడిది మరి?

గ్లౌజులు విప్పి, హ్వాంగ్ గారి గదిలోకి వెళ్ళాను.

"మాల్జాకి ఇవ్వండి ఆ పని. నాకన్నా బాగా అరుస్తుంది."

"బున్నే గారూ, మీకేమన్నా అయిందా?"

"అలిసిపోయానండీ."

"అలిసిపోయారనే కదా తేలిక పని ఇచ్చింది!"

ఇది నడుం వాలిస్తే పోయే అలసట కాదు. పదకొండేళ్ళు మొదటి చోటు కాపలా కాసిన అలసట. తలవంచుకుని బయటికొచ్చాను.

మర్నాడు వేకువన మిట్ట ఎక్కాను. చర్చి తలుపు దగ్గర పాస్టరు గారు నిలబడి ఉన్నారు. లోపల దీపం లేదు.

"అమ్మగారూ, ఇక వేకువ ప్రార్థన ఆపేద్దామనుకుంటున్నాను" అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు. "మీరు రాని రోజుల్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. నిన్న వ్యాన్ నడుపుతూ కునుకు పట్టింది. కొంచెంలో తప్పింది. నాకు ఇద్దరు పిల్లలు."

ఆయన ముఖం చూస్తే నా కూతురి వయసువాడని గుర్తొచ్చింది. కళ్ళ కింద నల్లటి సంచులు.

"పడుకోండి బాబూ. దేవుడు కోప్పడడు."

"మీరూ ఇంటి దగ్గరే ప్రార్థించుకోండి. ఆయన ఎక్కడైనా వింటాడు."

"ఆయనకి వినపడుతుంది, నిజమే. ఇంట్లో నాకే వినపడదు. ఫ్రిజ్ మోగుతుంది, టీవీ పిలుస్తుంది, మంచం పిలుస్తుంది. తాళంచెవి ఇవ్వండి."

"ఇక్కడ మాత్రం వినపడిందా అమ్మగారూ?"

ఆయన ఎగతాళికి అడగలేదు. ఆకలితో అడిగారు.

"లేదు బాబూ" అన్నాను. "ఇంకా లేదు."

ఆయన తాళంచెవి నా అరచేతిలో పెట్టి, మిట్ట దిగి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఒక్కదాన్నే.

పాట ఎత్తుకునేవాళ్ళు లేరు. వాక్యం చెప్పేవాళ్ళు లేరు. ఒక్కదాని కోసం హీటర్ వేయడం మనసొప్పక కోటులోనే కూర్చునేదాన్ని. మాటలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ముందు అడిగే మాటలు పోయాయి. తర్వాత పొగిడే మాటలు పోయాయి. చివరికి ప్రభువా అన్నదొక్కటే మిగిలింది. కొన్ని రోజులు అదీ రాలేదు. కూర్చునేదాన్ని. ఊపిరి తెల్లగా బయటికొచ్చేది, కరిగిపోయేది.

ఒక రోజు గమనించాను — మాల్జా ముఖం కళ్ళ ముందుకి రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో తెలీదు. ఆ ఖాళీలోకి ఇంకెవరూ రాలేదు.

ఖాళీ. అంతే.

అది ఆయన కోసం అయిన ఖాళీయో, ఉత్త ఖాళీయో... ఎవరు చెప్తారు?

ఫిబ్రవరి. చాంద్రమాన కొత్త సంవత్సరానికి నాలుగు రోజులుంది. రేవంతా లారీలు.

అయిదున్నర దాటి ఉంటుంది. చర్చి తలుపు దభాలున తెరుచుకుంది. మాల్జా. రబ్బరు ఏప్రన్, రబ్బరు బూట్లు, మోచేతుల దాకా చిప్పల బురద. ఈ గడప ఆమె జన్మలో తొక్కలేదు.

"ఏమే! సియోల్ లారీ ఇంజిను ఆపకుండా నిలబడి ఉందక్కడ. ఇద్దరు మానేశారు. నువ్వేమో ఇక్కడ కళ్ళు మూసుకుని కులుకుతున్నావా?"

"ఆరున్నరకి వస్తానే."

"ఆరున్నరకి లారీ ఉండదు! పండగ సరుకు పోతే బల్ల పెద్దనని హ్వాంగ్ గారు నన్ను కదా తినేది?"

నేను ముందుకి తిరిగి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

"సరే. నువ్వు లేచేదాకా నేనూ కదలను. ఏం పీకుతావో చూస్తా."

నా వెనక బెంచీ మీద ధబ్బున కూలబడింది. జేబులో ఫోన్ మోగింది. నొక్కేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేసింది. బూట్లతో నేల తన్నింది. దగ్గింది. నిట్టూర్చింది.

తర్వాత చప్పుడు లేదు.

నిద్రపోయిందనుకుని తిరిగి చూశాను. నిద్రపోలేదు. అరచేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తోంది.

"వేళ్ళు వంగట్లేదే బున్నే" అంది. అది షెడ్డులో వినే గొంతు కాదు. "నెల్లాళ్ళ నుంచీ. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ చోటు పోతుందని."

లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఏప్రన్ నుంచి ఉప్పునీళ్ళు నా కోటు మీదికి కారాయి.

"ఇక్కడ ఏం చెయ్యాలి?" అంది.

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఏమీ చెయ్యకుండా కూర్చుంటే నాకు భయమేస్తుందే."

"నాకూ వేస్తుంది."

కింద రేవులోంచి లారీ హారన్ మోగింది. ఒకసారి. రెండోసారి పొడుగ్గా. మాల్జా ఉలిక్కిపడి సగం లేచింది. ఆమెని చూస్తే జాలేసింది — ఇంతసేపూ బిగబట్టుకున్న మొండితనం నాలోంచి జారిపోయింది. ఈ ఒక్కరోజుకి పోదాంలే, నా కత్తి కూడా తోడైతే లారీ నిండుతుంది అనుకుని నేనూ లేచాను. జేబులో తాళంచెవి వెతుక్కున్నాను.

తలుపు దాకా నడిచి చూస్తే, మాల్జా మళ్ళీ కూర్చుని ఉంది.

"ఉండవే" అంది. కళ్ళు మూసుకుని ఉంది. "ఇంకో అయిదు నిమిషాలు."

హారన్ మోగుతూనే ఉంది...

నేను తలుపు వేసి, వెనక్కి వచ్చాను.